టాబ్ నొక్కితే గారు

ఆ రోజుల్లో మనుషులు ఒకళ్ళనొకళ్ళు అనుమానించుకోవడం కాస్త తగ్గించి, అందరూ కలిసి కేలండర్‌ని అనుమానించేవారు. రెండువేల సంవత్సరం వస్తోందంటే సంబరంగా ఉండాల్సింది పోయి, చెప్పాపెట్టకుండా పెళ్ళివారు దిగుతున్నారని కబురొచ్చిన ఇల్లులా ఉండేది లోకం. కంప్యూటర్లు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకున్నాయట, తొంభైతొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే వాటికి మతి పోతుందట, లిఫ్టులు మధ్యలో ఆగుతాయట, కుళాయిలు రావట. అప్పుడు మేముండే ఆస్ట్రేలియాలో, మా వీధి చివర డాక్టరుగారి భార్య ఉండేవారు, మేం ఆంటీ అనేవాళ్ళం. ఆవిడ గరాజులోంచి కారు బయటపెట్టి కందిపప్పు బస్తాలు లోపల పెట్టుకున్నారు. "కంప్యూటర్‌కీ కందిపప్పుకీ ఏంటండీ సంబంధం?" అని అడిగితే, "నీకు తెలీదే పిచ్చిపిల్లా, షిప్ రూట్ మర్చిపోయిందంటే మనకి చారునీళ్ళే గతి" అన్నారు. నేను అక్కడ నవ్వేసి, ఇంటికొచ్చి మా ఆయనతో "మనం కూడా ఒక బస్తా కొందామా?" అన్నాను. నవ్వినా నవ్వకపోయినా అనుమానం మాత్రం అందరిళ్ళలో ఉండేది. నాకైతే అనుమానించడమే ఉద్యోగం.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. నాకప్పుడు ఇరవై ఒకటి. తణుకులో ఇంటర్ పాసై (రెండోసారికి), టైపు హయ్యరు పాసై (మొదటిసారికే), పెళ్ళయి, మా ఆయన వెనకాల అడిలైడ్ వచ్చి పడ్డాను. ఆయన మాసన్ లేక్స్‌లో యూనికి (యూనివర్సిటీని అక్కడ అలాగే అంటారు) వెళ్ళేవారు. అప్పటికింకా ఆ ఊరు పూర్తిగా పుట్టలేదు. సగం ఇళ్ళు, సగం మట్టిగుట్టలు, మధ్యలో కొత్తగా తవ్విన చెరువు, అందులో ఎక్కణ్ణుంచో వచ్చి చేరిన నల్ల హంసలు. యూని పక్కనే టెక్నాలజీ పార్కు. అక్కడ పద్నాలుగు మందే ఉన్న ఒక చిన్న కంపెనీలో నాకు ఉద్యోగం ఇప్పించింది మా పెద్దసారు. గుంటూరు వైపు ఆయన, యాభై దాటినవారు, ఆ దేశం వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. "ఈ అమ్మాయి టైపు చూడండి, చదువు సంగతి తర్వాత. పూచీ నాది" అని మా బాసమ్మతో చెప్పారట. మూడు నెలలు ట్రయలు. ఆ తర్వాత ఉంచుకుంటే ఉంచుకుంటారు, లేకపోతే పంపేస్తారు. నా ఉద్యోగం నిలబడితే మా ఆయన చదువు సాగుతుంది, లేదంటే ఆయన యూని సగంలో మానేసి గోడౌన్లో పెట్టెలు మొయ్యాలి. పెద్దసారు మాట పోవడం దానికి అదనం. అందుకే ఆ మూడు నెలలూ నేను కుర్చీ అంచు మీదే కూర్చున్నాను, వెనక్కి ఆనింది లేదు.

మా పని ఏమిటో చెబితే నవ్వుతారు. పంపులు అమ్మే ఒక కంపెనీ వాళ్ళ పాత ప్రోగ్రాములు మా దగ్గరికొచ్చేవి. యంత్రం గడియారాన్ని ముందుకి జరిపి, రెండువేల సంవత్సరం వచ్చేసిందని దానికి అబద్ధం చెప్పి, అప్పుడది ఏం వేషాలు వేస్తుందో కనిపెట్టాలి. నేను పేర్లూ తేదీలూ టకటకా కొట్టడం, ఏదైనా తేడాగా కనిపిస్తే గులాబీరంగు కాగితం మీద ఎక్కించడం. దాన్ని మా తెలుగువాళ్ళం తేడా కాగితం అనుకునేవాళ్ళం. మొదటిరోజే మా బాసమ్మ (పొడుగ్గా, పొట్టి వెండిజుట్టుతో, నవ్వుతున్నారో పళ్ళు కొరుకుతున్నారో తెలియని ముఖంతో ఉండేవారు) నన్ను ఎదురుగా నిలబెట్టి మూడు ముక్కలు చెప్పారు. "నమ్మకు. ముట్టుకోకు. రాసిపెట్టు." అప్పగింతల్లో మా అమ్మ చెప్పినవాటికి ఇవి సరిగ్గా తలకిందులు.

ఆఫీసుకంతటికీ వెనకగదిలో ఒకటే పెద్ద యంత్రం. మా బల్లల మీదవన్నీ దాని కిటికీలు. అందరం ఒకే ఎడిటర్‌లో పనిచేసేవాళ్ళం. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, బొమ్మా లేదు బొరుసూ లేదు. ప్రోగ్రాములు రాసేది దాంట్లోనే, ఉత్తరాలు రాసేది దాంట్లోనే, కబుర్లాడుకునేదీ దాంట్లోనే. కబుర్లకి ఓ మూల ఒక గది ఉండేది. పక్కకుర్చీలో మనిషితో కూడా పనిమాట ఆ గదిలోనే రాసుకోవాలి, రాసిందైతే రికార్డులో ఉంటుందని బాసమ్మ రూలు. దాంతో పద్నాలుగు మంది ఉన్నా, ఇంటిల్లిపాదీ అలిగినట్టుండేది మా ఆఫీసు. గదిలో ఎవరితో మాట్లాడాలన్నా ముందు వాళ్ళ పేరు రాయాలి. పేరంతా కొట్టక్కర్లేదు, మొదటి రెండక్షరాలు కొట్టి టాబ్ నొక్కితే మిగతాది అదే నింపేసి పక్కన రెండు చుక్కలు పెట్టేది. ఆ తర్వాత మన మాట. అందరికీ అదో వరం. నాకు మాత్రం రోజుకో గండం. ఎందుకంటే పెద్దసారు పేరు (ఇప్పుడు కూడా రాయడానికి చెయ్యి రావట్లేదు, వదిలెయ్యండి) మా నాన్న వయసు మనిషి పేరు. దాన్ని ఉత్తిగా, బోసిగా, పక్కన రెండు చుక్కలతో! కోర్టు గుమ్మంలో బంట్రోతు పిలిచినట్టు! మాది గోదారి జిల్లా. పెరట్లోకొచ్చిన మేకని తోలేటప్పుడు కూడా చివర 'అండి' తగిలించే మనుషులం. ఆ చుక్కల్ని చూసినప్పుడల్లా మా నాన్న వెనక నుంచి నెత్తిన ఒకటి మొట్టినట్టుండేది. అందుకని టాబ్ నొక్కి, చుక్కలు చెరిపి, ఇంగ్లీషు అక్షరాల్లో గారు అని కొట్టి, అప్పుడు విషయం రాసేదాన్ని. రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు.

యంత్రాన్ని చూసుకునే ఆయన ఒకరుండేవారు. ఎర్రటి గడ్డం, గుండెల దాకా. మాలో మేం గడ్డంగారు అనుకునేవాళ్ళం. ఆయన నన్ను 'లవ్' అని పిలిచేవారు. మొదటిసారి విన్నరోజు ఇంటికెళ్ళి ఏడ్చినంత పని చేసి మా ఆయనకి చెప్పాను. "ఇక్కడ బస్ డ్రైవర్ కూడా అలాగే అంటాడు, దానికో అర్థం లేదు" అని ధైర్యం చెప్పి, మర్నాటి నుంచి మూడు రోజులు నన్ను ఆఫీసు గుమ్మం దాకా దిగబెట్టి, ఆ గడ్డాన్ని ఎగాదిగా చూసి మరీ వెళ్ళారాయన. ఆ గడ్డంగారు ఒక బుధవారం సాయంత్రం నా వెనకాల ఆగి, "ఎందుకు లవ్, అన్నిసార్లు చెరుపుతున్నావ్?" అన్నారు. నేను నా తణుకు ఇంగ్లీషులో, పేరు తర్వాత వచ్చేది మారిస్తే బాగుండునండీ అన్నాను. "ఈ ఎడిటర్‌లో మార్చలేనిదంటూ లేదు" అని నా తెర మీదే ఒక సెట్టింగుల ఫైలు తెరిచి చూపించారు. బ్రాకెట్లో బ్రాకెట్టు, దాంట్లో ఇంకో బ్రాకెట్టు (నేనిలా బ్రాకెట్లలో మాట్లాడటం అప్పుడే అంటుకుందని మా ఆయన అంటారు). ఆ అడివి మధ్యలో, రెండు కొటేషన్ల నడుమ, నా శత్రువులు ఆ చుక్కలు రెండూ కూర్చుని ఉన్నాయి. "ఇక్కడ ఏది పెడితే పేరు పక్కన అదే వస్తుంది" అని చెప్పి, రేపూ ఎల్లుండీ తాను సముద్రం మీద చేపలు పట్టుకుంటూ ఉంటానని, ఫోన్ పనిచెయ్యదని, అసలు పనిచెయ్యకూడదని, హుషారుగా వెళ్ళిపోయారు.

నా తెర మీద తెరుచుకుంది కాబట్టి ఆ ఫైలు నాదే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు కదా? చుక్కలు తీసేసి ఆ స్థానంలో గారు పెట్టి, పక్కన ఒక కామా కూడా పెట్టి (అందంగా ఉంటుందని) భద్రం చేశాను. ఎడిటర్ మూసి, మళ్ళీ తెరిచి, పెద్దసారు పేరులో మొదటి రెండక్షరాలు కొట్టి టాబ్ నొక్కాను. పేరు, గారు, కామా! ఒక్క దెబ్బకి! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరో పెద్దమనిషికి కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టనిపించింది. బ్యాగు సర్దుకుని ఇంటికి పోయాను. నేను గుమ్మం దాటిన పావుగంటకి మా బాసమ్మ వెనకగదిలోకి వెళ్ళి, పెద్ద యంత్రం గడియారాన్ని మొట్టమొదటిసారి రెండువేల సంవత్సరానికి జరిపారని నాకేం తెలుసు?

గురువారం ఉదయం అందరూ వచ్చి ఎడిటర్లు తెరిచారు. ఆ ఫైలు నాది కాదు, అందరిదీ. పొద్దున్న ఎవరు ఎడిటర్ తెరిచినా అది ముందు ఆ ఫైలునే చదువుకుంటుంది. అయినా కాసేపు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే టైపు ఇన్‌స్టిట్యూట్ మొహం చూసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా రెండు వేళ్ళతో, కీబోర్డు వైపు చూస్తూ కొట్టేవాళ్ళు. తెర మీద ఏం పడుతోందో చూసుకునేది తక్కువ. మొదట పేలింది మా వరసలోనే. నా ముందు నెల్లూరాయన, ఆయన పక్కన హైదరాబాదు భాయ్. ఇద్దరూ ఒకే ఫ్లాట్‌లో ఉండేవారు, ఒకే కారులో వచ్చేవారు, ఒకే డబ్బాలోంచి తినేవారు. ఇద్దరూ ఒకర్నొకరు 'ఒరేయ్' అనకుండా పిలుచుకోగా నేను వినలేదు. అలాంటిది పదింటికి నెల్లూరాయన నుంచి గదిలో ఒక వాక్యం పడింది. భాయ్ గారు, టీకి వస్తావా.

భాయ్ లేచి నిలబడ్డారు. "ఏం రా, నేను నీకు ఎప్పటిసంది గారు అయిన?"

"ఎవురన్నారు?"

"నువ్వే రాసినవ్ గద, చూడు. గారు అంట, కామా గూడ పెట్టినవ్."

"నేనెందుకు రాస్తానబ్బా? నాకేం పనీపాటా లేదా?"

"నిన్న బిర్యానీల ఉప్పెక్కువైందన్న. దానికేనా?"

"ఉప్పు సంగతి నీకింకా మనసులో ఉండాదా?"

"నాకెందుకుంటది? నీకున్నది గాబట్టే గారు అంటున్నవ్!"

స్నేహితుడు 'గారు' అన్నాడంటే పొయ్యి కింద ఏదో మండుతున్నట్టే కదా మన దగ్గర. వాళ్ళిద్దరూ అలా ఒకరి ముఖంలోకి ఒకరు అనుమానంగా చూసుకుంటుంటే నేను నా తెర మీద కబుర్ల గదిని పైకీ కిందకీ జరిపి చూశాను. అందరూ అందర్నీ గారు అంటున్నారు. దొరలు దొరల్ని గారు అంటున్నారు. ఫ్రిజ్‌లో నా పాలు ఎవరు తాగారు అని దెబ్బలాడుకుంటున్న ఇద్దరు కూడా గారూ గారూ అనే దెబ్బలాడుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే బాసమ్మ గదిలోంచి ఒక కేక. "హ్యాండ్స్ ఆఫ్! అందరూ!" పద్నాలుగు మందిమీ (చేపల ఆయన పోను పదమూడు, పనిమీద సిటీకి వెళ్ళిన పెద్దసారు పోను పన్నెండు) కీబోర్డుల మీంచి చేతులు గాల్లోకి లేపాం.

బాసమ్మ తెల్లబోర్డు ముందు నిలబడ్డారు. జి, ఏ, ఆర్, యు అని నాలుగక్షరాలు, ఒక్కోటీ గుమ్మడికాయంత, రాశారు. నిన్న సాయంత్రం గడియారం రెండువేలకి జరిగింది. ఇవాళ పొద్దున్న ప్రతి పేరుకీ తోక మొలిచింది. రెండంకెల సంవత్సరం నాలుగంకెలయింది. తోకలో అక్షరాలెన్ని? నాలుగు! ఆవిడ ముఖం చూస్తే, ఇన్నాళ్ళుగా వెతుకుతున్న దొంగ ఇంటికొచ్చి తలుపు కొట్టినట్టుంది. జి అంటే గ్రెగోరియన్ అయ్యుంటుందని ఎవరో అన్నారు. బోర్డు మీద జి కింద గ్రెగోరియన్ చేరింది. "ఇది ఎవరైనా ఇంతకుముందు ఎక్కడైనా చూశారా?" అని ఆవిడ ఒక్కొక్కరి ముఖంలోకీ టార్చిలైటు వేసినట్టు చూస్తూ పోయారు. నెల్లూరాయన చూపు నేలమీద. భాయ్ చూపు సీలింగు మీద. నా చూపు నా చెప్పుల మీద.

ఎవరం నోరు విప్పలేదు. ఎందుకంటే దాని అర్థం చెప్పడమంటే చేసింది తెలుగువాళ్ళే అని చెప్పడం. ఆఫీసు మొత్తానికి మేం నలుగురం. బాసమ్మ అటు తిరగ్గానే ముందువరసలో గుసగుస మొదలైంది. "నువ్వేనా?" "నువ్వే అనుకుంట." "సరేలే, ఎవుడైతే ఏంది, చెప్పమాకు. ఉజ్జోగం పోద్ది." "నేనెందుకు చెప్త? నీ ఉద్యోగం పోతే ఫ్లాట్ల వంటెవరు చేస్తరు?" పాపం, ఇద్దరూ ఒకర్నొకరు ప్రాణం పెట్టి కాపాడుకుంటున్నారు. నన్ను మాత్రం ఒక్కరూ అనుమానించలేదు. తేడా కాగితాలు కొట్టుకునే ఇంటర్ పిల్ల ఎడిటర్ కడుపులో చెయ్యి పెడుతుందని ఎవరనుకుంటారు? (కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది, నిజం చెప్పొద్దూ.)

పదకొండింటికి తన గదికి రమ్మని బాసమ్మ నాకు తెర మీదే రాశారు. అయిపోయింది అనుకుని దుపట్టా సర్దుకుని వెళ్ళాను. చూస్తే గులాబీ కాగితం తయారుగా ఉంది. ఆవిడ చెబుతారట, నేను కొట్టాలట. కొట్టాను. నేను చేసిన నేరాన్ని నేనే, ఒక్క తప్పు లేకుండా, నిమిషానికి అరవై మాటల వేగంతో కొట్టాను. 'గుర్తుతెలియని నాలుగక్షరాలు. మూలం తెలియదు. వ్యాపించే గుణం ఉంది.' కాగితం చూసుకుని ఆవిడ మొదటిసారి నాకు అర్థమయ్యేలా నవ్వారు. "మూడు గంటలకి పంపుల కంపెనీకి ఫోన్ చేస్తున్నాను. వాళ్ళ కొనుగోలుదారుల పేర్లకి కూడా ఇదే పట్టుకుని ఉండొచ్చు. ఉత్తరాలూ బిల్లులూ అన్నీ ఆపెయ్యమంటాను. నువ్వు బాగా పనిచేశావ్. రేపు నీ ట్రయలు గురించి మాట్లాడదాం" అన్నారు. ఆ మాట కోసం మూడు నెలలుగా కాచుకుని కూర్చున్నదాన్ని, విని కూడా సంతోషించలేని పరిస్థితి. అటు చూస్తే పంపుల కంపెనీ, ఇటు చూస్తే మా ఆయన పుస్తకాలు.

వంటగదిలో గోడకి ఫోన్ ఉండేది. మా ఆయనకి యూనికి చేశాను. అంతా విని ఆయన ముందు అడిగింది ఇదొక్కటే. "గారు అంటే... మన గారేనా?"

"మన గారేనండీ."

"ఒప్పుకోకు. వాళ్ళే బగ్ అంటున్నారుగా, బగ్గే అనుకోనీ. మధ్యలో నీకెందుకు?"

"పాపం ఆ కంపెనీవాళ్ళు బిల్లులన్నీ ఆపేస్తారటండీ."

"ఆ కంపెనీ మీ మేనమామదా?"

పెట్టేశాను. రెండు నిమిషాలకి గోడఫోన్ మోగింది. మళ్ళీ ఆయనే. "ఒప్పుకున్నా ఏం పర్లేదులే" అన్నారు. "ఆ పెట్టెలు మరీ అంత బరువుండవట. కనుక్కున్నాను."

ఏం చెయ్యాలో తేల్చుకోలేక ఫైలు నేనే గుట్టుగా సరిచేద్దామని కూడా ఆలోచించాను. కానీ చేతులు తియ్యమన్నాక కీబోర్డు ముట్టుకుంటే అదో దొంగతనం, పైగా బాసమ్మ తలుపు తెరిచిపెట్టుకుని అందరి వేళ్ళూ చూస్తూ కూర్చున్నారు. రెండు దాటింది. అప్పుడొచ్చారు పెద్దసారు. రోజూ లోపలికొస్తూ "ఏమ్మా, అంతా గుడ్డేనా?" అనే మనిషి ఎవర్నీ పలకరించలేదు. చేతిలో ఖాళీ అట్టపెట్టె. తన బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్కటే అందులో పెట్టడం మొదలుపెట్టారు. పిల్లల ఫోటో, కళ్ళజోడు డబ్బా, చిన్న వెంకటేశ్వరస్వామి పటం, ఉసిరికాయ పచ్చడి సీసా. నాకు పూచీ పడ్డందుకు, నా పరువు నిలబెట్టడానికి, తప్పు తనమీద వేసుకుని వెళ్ళిపోతున్నారనుకున్నాను. పరుగెత్తుకెళ్ళి, "సార్, మీరొక్కసారి వంటగదిలోకి రండి" అన్నాను.

"నాకు తెలుసమ్మా. నువ్వు చెప్పక్కర్లేదు" అన్నారు నీరసంగా, నా వెనకే వంటగదిలోకి వస్తూ.

"తెలిసి కూడా మీరెందుకండీ వెళ్ళడం? చేసింది నేనైతే!"

"నువ్వేం చేశావ్?"

"గారు. గారు నేనే పెట్టానండీ. మీకోసం పెట్టాను, అందరికీ పడిపోయింది." అంతే, ఏడుపొచ్చేసింది. అంతా చెప్పేశాను. చుక్కలు, గడ్డంగారు, కొటేషన్లు, కామా, అన్నీ.

ఆయన వంటగదిలో స్టూలు మీద కూలబడ్డారు. పచ్చడి సీసా ఇంకా చేతిలోనే ఉంది. "ఒసే నీ ఇల్లు బంగారంగానూ" అన్నారు చివరికి. "పొద్దున్న పదింటికి సిటీ ఆఫీసులోంచి డయల్ చేసి చూశానమ్మా. అక్కడ లైను స్లో, చదవడమే గానీ రాయడానికి లేదు. నాకొచ్చిన ఒక్క లైను చూద్దును కదా, బాస్ నన్ను గారంటోంది! ఎయిటీన్ ఇయర్స్‌లో ఈ దేశంలో నన్ను గారన్నవాళ్ళు లేరు. మా ఫ్రెండొకడున్నాడు, వాణ్ణి కంపెనీ పదేళ్ళు నోటికొచ్చినట్టు పిలిచింది. ఒకరోజు కేకు తెచ్చి పేరు కరెక్ట్‌గా పలికారు. మర్నాడు తీసేశారు. ఇంకేముంది, నా టర్న్ వచ్చింది, ఎవర్నో అడిగి మరీ మర్యాద నేర్చుకున్నారు, సెండాఫ్‌కి అనుకున్నా. నువ్వు సమాధానం చెప్పు, దారిలో ఆగి ఈ పెట్టె కూడా అడిగి తెచ్చుకున్నానే!"

ఆయన గడియారం చూసుకున్నారు. మూడుకి ఇరవై నిమిషాలుంది. "వెళ్ళి చెప్పు. నేను రాను. నేనొస్తే నిన్ను వెనకేసుకొచ్చినట్టుంటుంది. నీ నోటితో నువ్వే చెప్పు" అన్నారు.

వెళ్ళాను. బాసమ్మ చేతిలో ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంది. "మేడమ్, అది బగ్ కాదు" అన్నాను. నా ఇంగ్లీషులో వాక్యం అంతకంటే ముందుకి పోలేదు. ఆవిడ చీటీ బల్లమీద పెట్టారు. "మరేమిటి?"

"మర్యాద."

"ఎవరికి?"

"పెద్దవాళ్ళకి, మేడమ్."

ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. "నాకెందుకొచ్చింది మరి?"

"అందరికీ వచ్చింది, మేడమ్. పొరపాటున" అన్నాను. తర్వాత కొంచెం కొంచెంగా అంతా చెప్పాను. ఆవిడ వింటూనే లేచి, తలుపులోంచి నెల్లూరాయన్నీ భాయ్‌నీ పిలిచారు. ఆ మాట మీకు ముందే తెలుసా అన్నారు. తెలుసన్నారు ఇద్దరూ. మరి పొద్దుట్నుంచీ ఎందుకు చెప్పలేదు? నెల్లూరాయన వేలు భాయ్ వైపు, భాయ్ వేలు నెల్లూరాయన వైపు. "వాడే చేశాడనుకున్నా!" అని ఇద్దరూ ఒకే గొంతుతో ఇంగ్లీషులో. అని, ఒకరి వైపు ఒకరు తిరిగి ఆశ్చర్యంగా చూసుకున్నారు. ఉప్పు గొడవ అక్కడికక్కడే తీరిపోయింది. బాసమ్మ రెండు చేతుల్తో తల పట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారో పళ్ళు కొరుకుతున్నారో, ఎప్పటిలాగే, తెలియలేదు.

తల ఎత్తినప్పుడు మాత్రం ముఖం మామూలుగా ఉంది. "అందరి ఫైలు చెప్పకుండా ముట్టుకున్నావు. అది ఒక తప్పు. నాలుగున్నర గంటలు నోరు మూసుకున్నావు. అది దానికంటే పెద్దది" అన్నారు. నేను అప్పటికే మనసులో పెట్టెలు మోసేస్తున్నాను. "కానీ మూడు కాకముందే వచ్చావు. ఇంకొక నెల ట్రయలు. ఈ కాగితం నువ్వే పూర్తి చెయ్యి." గులాబీ కాగితం చివర రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి, కారణం ఒకటి, పరిష్కారం ఒకటి. కూర్చుని కొట్టాను. కారణం: మర్యాద. పరిష్కారం: తొలగించడమైనది. బాసమ్మ చదివి, పెన్ను తీసి ఏదో దిద్దబోయి, ఆగి, అలాగే సంతకం పెట్టారు.

సాయంత్రానికి ఫైల్లో చుక్కలు మళ్ళీ వచ్చి కూర్చున్నాయి. మీ ఒక్కరికైనా నేను చేత్తో గారు కొడతానండీ అని పెద్దసారుతో అంటే, ఆయన పటం మళ్ళీ బల్లమీద నిలబెడుతూ దండం పెట్టినంత పని చేశారు. "వద్దు తల్లీ. ఆ చుక్కలే ఉండనీ. చుక్కలుంటే ఉద్యోగం ఉన్నట్టు. గారు చూస్తే నాకింక జన్మలో గుండె గుబేలుమంటుంది." మర్నాడు పొద్దున్న రెండక్షరాలు కొట్టి, టాబ్ నొక్కి, బోసి పేరు పక్కన రెండు చుక్కలతో ఆయనకి మొదటి వాక్యం పంపాను. పంపుతూ కుర్చీలోంచి కాస్త లేచి నిలబడ్డాను, నాకు తెలియకుండానే. నెల గడిచింది, ఉద్యోగం నిలిచింది, మా ఆయన చదువు పూర్తయింది. రెండువేల సంవత్సరం కూడా వచ్చింది. లిఫ్టులు ఆగలేదు, కుళాయిలు వచ్చాయి, ఆంటీవాళ్ళింట్లో ఏడాది పొడుగునా పప్పే.

ఇన్నాళ్ళూ ఈ కథని నేను భయపడ్డ కథగానే అందరికీ చెబుతూ వచ్చాను. మొన్న ఇది రాద్దామని కూర్చుని, ఆ రోజు కబుర్ల గదిలో ఎవరు ఎవరికి ఏం రాశారో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటుంటే చెయ్యి ఆగిపోయింది. టాబ్ అందరిదీ. అంటే నన్ను పిలిచినవాళ్ళు కూడా టాబ్ నొక్కే కదా పిలిచారు? తణుకులో నేను 'ఏమే'ని, అత్తగారింట్లో 'అమ్మాయ్'ని, ఆఫీసులో 'లవ్'ని. నా పేరు పక్కన గారు పెట్టినవాళ్ళు అప్పటిదాకా లేరు, ఆ తర్వాతా లేరు. ఆ ఒక్క గురువారం పొద్దున మటుకు పాలు పోయినాయన నన్ను గారన్నారు, జి అంటే గ్రెగోరియన్ అన్నాయన గారన్నారు, గదికి రమ్మని రాసిన బాసమ్మ సాక్షాత్తూ నా పేరు, పక్కన గారు, కామాతో సహా రాశారు. ఇరవై ఒక్కేళ్ళ ఇంటర్ పిల్లని ఒక ఆఫీసు ఆఫీసంతా మర్యాదగా పిలుస్తుంటే, ఆ పిచ్చిమొహం మాత్రం తలొంచుకుని తన చెప్పులే చూసుకుంటూ కూర్చుంది. ఒక్కసారి తలెత్తి చదువుకోవే పిల్లా, అందామంటే ఇప్పుడు వినపడదు.